సబ్‌డొమైన్‌కి ఏ పేరైనా పెట్టేయొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల సొంత వెబ్‌సైట్ పెట్టుకోవడం గురించి రాశాక వచ్చిన మెయిళ్లలో ఎక్కువ సబ్‌డొమైన్ల మీదే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. సబ్‌డొమైన్ అంటే మీరు కొనుక్కున్న డొమైన్ పేరుకి ఎడమన చుక్క పెట్టి తగిలించుకునే ఇంకో పేరు. డీఎన్ఎస్ అంటే మీరు టైపు చేసిన పేరు ఏ కంప్యూటర్‌దో చెప్పే ఇంటర్నెట్ వ్యవస్థ. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. పాఠకులు రాసిన అసలు అడ్రసులు తీసేసి, ఉదాహరణలన్నీ ఎగ్జాంపుల్.కామ్ మీదే ఇస్తున్నాను. ఆ పేరు ఎవరూ కొనుక్కోలేరు, ఇలాంటి ఉదాహరణల కోసమే వాడుకోమని 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే పత్రంలో దాన్ని పక్కన పెట్టేశారు. ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ఎలా నడవాలో ఇంజినీర్లు రాసుకున్న పత్రాలు, ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది, కింద చాలాసార్లు వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉండే అడ్రసుల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. చుక్క ఉన్నచోట చుక్కే పెట్టాను.

ప్రశ్న: మాది చేనేత చీరల షాపు. వెబ్‌సైట్‌లో పట్టుచీరలకి వేరే విభాగం ఉండాలని పట్టు_శారీస్.ఎగ్జాంపుల్.కామ్ అని సబ్‌డొమైన్ పెట్టించాం. పేరు తీసుకుంది, నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటోంది కూడా. కానీ తాళం గుర్తు కోసం సర్టిఫికెట్ అడిగితే ఇవ్వనంటోంది. కస్టమర్లు "నాట్ సెక్యూర్ అని వస్తోందండీ, డబ్బు కట్టాలంటే భయంగా ఉంది" అంటున్నారు. సైట్ చేసిన అబ్బాయేమో "డీఎన్ఎస్‌లో ఎక్కింది కదా మేడమ్, పేరులో తప్పేం లేదు" అంటాడు. పండగ సీజన్ దగ్గరికొచ్చేసింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: మీ ఇబ్బందంతా ఆ అండర్‌స్కోర్‌తోనే. దాన్ని తీసేసి హైఫన్‌తో పట్టు-శారీస్ అని కొత్త సబ్‌డొమైన్ చేయించండి, సర్టిఫికెట్ మామూలుగా వచ్చేస్తుంది. ముందు ఆ పని కానిచ్చి, తర్వాత తీరిగ్గా మిగతాది చదవండి.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, కానీ అతను చెప్పింది సగమే. డీఎన్ఎస్ రాకముందు నెట్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి, దాన్ని హోస్ట్స్.టీఎక్స్‌టీ అనేవాళ్లు. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన విభాగం ఆ ఫైలును చూసుకునేది. కొత్త కంప్యూటర్ పెట్టుకుంటే వాళ్లకి చెప్పి పేరు చేర్పించుకోవాలి, మిగతా ఊళ్లలో ఉన్నవాళ్లంతా ఆ ఫైలును మళ్లీ దించుకోవాలి. డీఎన్ఎస్ వచ్చాక కూడా కొన్నాళ్లు వాడుకలోనే ఉన్న ఆ ఫైల్లోకి ఎలాంటి పేర్లు రావొచ్చో 1985లో ఆర్‌ఎఫ్‌సీ 952లో రాశారు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అంతే. మొదట అక్షరమే ఉండాలి, చివర హైఫన్ ఉండకూడదు, 24 అక్షరాలు దాటకూడదు. అండర్‌స్కోర్‌కి అందులో చోటు లేదు.

ఆ ఫైలు మొయ్యలేనంత పెరిగిపోతుండటంతో 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాడు. 1987లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 ఇప్పటికీ దానికి ఆధారం. డీఎన్ఎస్ ఒక గోదాం లాంటిది, మీరు ఏ పేరు మీద ఏం పెట్టినా దాచుకుంటుంది, అడిగితే తీసిస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న ముక్క 63 అక్షరాలు దాటకూడదు, మొత్తం పేరు 255 బైట్లకి లోపు ఉండాలి, దాని పట్టింపు అంతవరకే. పేరులో ఏ అక్షరాలుండాలన్నది డీఎన్ఎస్ అడగదని 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2181 మరీ విడమరిచి చెప్పింది. మీ అబ్బాయి మాటకి బలం అక్కడిదే.

కానీ మీ షాపు అడ్రసుని చదివేది డీఎన్ఎస్ ఒక్కటే కాదు కదా. బ్రౌజర్ చదవాలి, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ చదవాలి, పేమెంట్ గేట్‌వే చదవాలి, కస్టమర్ ఫోన్లో ఉన్న యాప్ చదవాలి. ఒక్కోటి ఒక్కో కాలంలో ఒక్కొక్కరు రాసిన ప్రోగ్రాము. వాటిలో చాలా వాటికి వెబ్ అడ్రసంటే ఇప్పటికీ ఆ పాత రూలే: అక్షరాలు, అంకెలు, హైఫన్. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి పెట్టుకున్న సీఏ బ్రౌజర్ ఫోరమ్ 2019లో అండర్‌స్కోర్ ఉన్న పేర్లకి సర్టిఫికెట్లు పూర్తిగా ఆపించేసింది. మీకు రాకపోవడానికి కారణం ఇదే, ఏ కంపెనీని అడిగినా ఇదే జవాబు వస్తుంది. జావాలో రాసిన ప్రోగ్రాములు కొన్నిటికి ఇలాంటి అడ్రసు ఇచ్చి ఇందులో సైటు పేరేదో చెప్పమంటే, ఏమీ లేదని ఖాళీ చేతులు చూపిస్తాయి. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉన్న రోజుల్లో అయితే అండర్‌స్కోర్ ఉన్న సైట్ల కుకీల్ని (వచ్చినవాళ్లని గుర్తుపెట్టుకోవడానికి సైటు బ్రౌజర్లో దాచే చిన్న గుర్తుల్ని) అది దాచుకునేదే కాదు, అంటే కస్టమర్ చీర కార్ట్‌లో వేసి పక్క పేజీకి వెళ్తే కార్ట్ ఖాళీ. షాపువాళ్లు సైట్‌లో ఏదో లోపముందని రోజుల తరబడి కోడ్ అంతా వెతుక్కునేవాళ్లు, పేరులో ఉన్న ఆ గీత మీద ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడం వేరు, అందరి దగ్గరా తెరుచుకోవడం వేరు.

పాత అడ్రసు ఇప్పటికే విజిటింగ్ కార్డుల మీద వేయించేసి ఉంటే దాన్ని వెంటనే తీసెయ్యకండి. దానికి సర్టిఫికెట్ రాదు కాబట్టి మామూలు హెచ్‌టీటీపీ మీదనుంచే కొత్త పేరుకి మళ్లించమని చెప్పండి, కొన్ని నెలలు ఉండనివ్వండి. కొత్త కార్డుల్లో మాత్రం హైఫనే. ఇంకో సంగతి, అండర్‌స్కోర్ ఉన్న అడ్రసు కింద గీత పడితే (మెయిల్లో, వాట్సాప్‌లో లింకులకి పడుతుంది కదా) ఆ అండర్‌స్కోర్ గీతలో కలిసిపోయి కనపడదు. చూసి టైపు చేసేవాళ్లు ఖాళీ ఉందనుకుని తికమకపడతారు.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. అండర్‌స్కోర్ వాడకూడదని మా ల్యాబ్ సార్ చెప్పారు. కానీ మా కాలేజీ డొమైన్ డీఎన్ఎస్ చూస్తే _డీమార్క్, ఏదో_డొమైన్‌కీ లాంటివి ఉన్నాయి. అవి తప్పా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: తప్పు కాదు, కావాలనే అలా పెట్టారు. పైన చెప్పిన రూలునే ఇక్కడ తెలివిగా వాడుకున్నారు. కంప్యూటర్ పేరులో అండర్‌స్కోర్ రాదు కాబట్టి, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరు ఏ సైటు పేరుతోనూ ఢీకొట్టదు. అందుకే సైటు కాని సమాచారాన్ని, అంటే మెయిల్ సంతకం తాళంచెవి, మెయిల్ విషయంలో మీ పాలసీ, సర్టిఫికెట్ ఇచ్చేముందు డొమైన్ మీదేనని తేల్చుకునే పరీక్ష లాంటివి, ఆ పేర్ల కింద దాస్తారు. 2000లో, ఫలానా సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డుల కోసం వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2782 ఈ పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చింది. ఆ తర్వాత ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకుంటూ పోతే గందరగోళం అవుతుందని 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8552 వీటన్నిటికీ ఒక రిజిస్టరు తెరిచింది. ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల జాబితాలు చూసుకునే ఐయానా అనే సంస్థ దాన్ని నిర్వహిస్తుంది.

మీ రికార్డు పేరు కూడా ఒకసారి సరిగ్గా చూడండి. అది ఏదో.‌_డొమైన్‌కీ అయ్యుంటుంది, మధ్యలో చుక్క, తర్వాత అండర్‌స్కోర్. ఈ చిన్న తేడా పోతే మెయిల్ సంతకం సరిపోలదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగి, పాపం మంచి ఉద్దేశంతోనే, అండర్‌స్కోర్ తప్పని ఎక్కడో చదివి డీఎన్ఎస్‌లో ఉన్న అండర్‌స్కోర్లన్నిటినీ హైఫన్లుగా మార్చేశాడు. ఆ మధ్యాహ్నం నుంచి ఆఫీసు పంపిన బిల్లులన్నీ అవతలివాళ్ల స్పామ్‌లోకి పోవడం మొదలైంది, కారణం దొరకడానికి మూడు రోజులు పట్టింది. కాబట్టి మీ సార్ చెప్పింది సైటు పేర్లకి, ఇవి వేరే జాతి. వాటి జోలికి పోకండి.

ప్రశ్న: సబ్‌డొమైన్ అంకెతో మొదలవ్వొచ్చా? పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తేడా ఉంటుందా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అంకెతో మొదలవ్వొచ్చు. 1985 నాటి రూల్లో కుదరదు, కానీ 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 దాన్ని సడలించింది. 3కామ్ అనే కంపెనీ అడ్రసు 3తోనే మొదలయ్యేది. పెద్దా చిన్నా తేడా డీఎన్ఎస్‌కి లేదు, ఎలా టైపు చేసినా ఒకే చోటికి వెళ్తారు. కానీ అడ్రసులో మొదటి స్లాష్ తర్వాత వచ్చే భాగం డీఎన్ఎస్‌ది కాదు, సర్వర్‌ది. అక్కడ చాలా సర్వర్లలో తేడా ఉంటుంది. హైఫన్ మాత్రం మొదట్లోనూ చివర్లోనూ వద్దు, అలాంటి పేర్లు ఒక ఫోన్లో తెరుచుకుంటాయి, ఇంకో చోట మొండికేస్తాయి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. ఏదో పథకం డబ్బు పడుతుంది, ఆధార్ నంబరు నింపమని వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. లింకులో ఏపీ.జీవోవీ.ఇన్ అని స్పష్టంగా ఉంది. మొత్తం అడ్రసు ఇలా ఉంది: ఏపీ.జీవోవీ.ఇన్.స్కీమ్.ఎగ్జాంపుల్.కామ్. ప్రభుత్వం పేరు ఉంది కాబట్టి నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నమ్మకండి సార్, దయచేసి నొక్కకండి. నింపేసి ఉంటే వెంటనే 1930 నంబరుకి ఫోన్ చెయ్యండి, సైబర్ మోసాల మీద ఫిర్యాదుకి అది జాతీయ హెల్ప్‌లైన్.

మీరు పిల్లలకి ఉత్తరం రాయడం నేర్పించే ఉంటారు. కవరు మీద ముందు ఇంటి నంబరు, తర్వాత వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం అని రాస్తాం. చిన్నది ముందు, పెద్దది చివర. పోస్టాఫీసువాళ్లు మాత్రం కింద నుంచి పైకి చదువుకుంటూ వస్తారు, ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా. వెబ్ అడ్రసు కూడా అచ్చం అంతే, దాన్ని కుడి నుంచి ఎడమకి చదవాలి. గుంటూరు.ఏపీ.జీవోవీ.ఇన్ తీసుకోండి, అది గుంటూరు జిల్లా అసలు సైటు. చివర ఉన్న ఇన్ అంటే ఇండియా, ఆ రిజిస్ట్రీని నిక్సీ అనే సంస్థ చూస్తుంది. దాని ఎడమన జీవోవీ, అంటే ప్రభుత్వం, ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఆ లోపల ఏపీ, ఆ లోపల గుంటూరు. ఖమ్మం.తెలంగాణ.జీవోవీ.ఇన్ కూడా ఇదే వరస.

ఇప్పుడు మీకొచ్చిన దాన్ని కుడి నుంచి చదవండి. కామ్, దాని లోపల ఎగ్జాంపుల్. అంటే ఆ సైటు ఎగ్జాంపుల్.కామ్ కొనుక్కున్నవాడిది. ఎడమ పక్కన ఉన్నదంతా వాడు తన ఇష్టం వచ్చినట్టు రాసుకున్న పేరు. ఒకసారి డొమైన్ కొన్నాక దాని ఎడమన ఏ సబ్‌డొమైన్ పెట్టుకోవాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు, బ్యాంకు పేరైనా పెట్టొచ్చు, ప్రభుత్వం పేరైనా పెట్టొచ్చు, డీఎన్ఎస్ ఆపదు. మా ఇంట్లో ఒక గదికి కలెక్టరాఫీసు అని బోర్డు తగిలిస్తే అది కలెక్టరాఫీసు అయిపోదు కదా, అలాగే.

కాబట్టి ఎప్పుడు లింకు వచ్చినా హెచ్‌టీటీపీఎస్ తర్వాత ఉండే జంట గీతలు దాటి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగండి, స్లాష్ లేకపోతే చివరిదాకా వెళ్లండి. అక్కణ్నుంచి వెనక్కి చదవండి. ప్రభుత్వానిదైతే అక్కడ జీవోవీ.ఇన్ లేదా ఎన్‌ఐసీ.ఇన్ ఉండాలి. ఇంకో మోసం ఏంటంటే చుక్క బదులు హైఫన్ పెట్టి ఏపీ-జీవోవీ-ఇన్.ఎగ్జాంపుల్.కామ్ అని రాస్తారు. ఫోన్లో చిన్న అక్షరాల్లో చూస్తే చుక్కకీ హైఫన్‌కీ తేడా తెలియదు. పేర్ల రూల్స్ ప్రకారం హైఫన్ మామూలు అక్షరంతో సమానం, అది దేన్నీ విడదీయదు. చుక్క ఒక్కటే విడదీస్తుంది. తాళం గుర్తు ఉంది కదా అని కూడా ధైర్యపడొద్దు, ఇలాంటి పేర్లకీ సర్టిఫికెట్ వస్తుంది. మీకూ ఆ సైటుకీ మధ్యలో ఎవరూ చూడటం లేదని మాత్రమే తాళం చెబుతుంది, అవతలున్నది ఎవరో చెప్పదు. ఈ ఒక్క సంగతి మీ తోటి పెన్షనర్లకి కూడా చెప్పండి సార్, టీచర్ చెబితే వింటారు.

ప్రశ్న: మా కాలేజీకి వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కొన్నాం, అన్ని సబ్‌డొమైన్లకీ పనిచేస్తుందన్నారు. ఫీజ్.ఎగ్జాంపుల్.కామ్‌కి పనిచేస్తోంది, ఫీజ్.ఎంబీఏ.ఎగ్జాంపుల్.కామ్‌కి మాత్రం ఎర్రర్ వస్తోంది. డబ్బు వృథా అయినట్టేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వృథా కాలేదు, కానీ వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్‌లో *.ఎగ్జాంపుల్.కామ్ అని రాసి ఉండే ఆ నక్షత్రం గుర్తు ఒక్క ముక్కకే సరిపోతుంది. ఎగ్జాంపుల్.కామ్‌కి ఎడమన ఒక చుక్క వరకే, రెండో చుక్క వస్తే దానికి సంబంధం లేదు. పేర్లని ఎన్ని అంతస్తులైనా కట్టుకోవచ్చు, 63, 255 లెక్క లోపు ఉంటే డీఎన్ఎస్‌కి అభ్యంతరం లేదు. సర్టిఫికెట్ల రూలు వేరు. ఎంబీఏ కింద ఉన్న పేర్లకి ఇంకో వైల్డ్‌కార్డ్ తీసుకోవచ్చు, లేదా ఎంబీఏ-ఫీజ్.ఎగ్జాంపుల్.కామ్ అని ఒకే అంతస్తులోకి తెచ్చుకోవచ్చు. నేనైతే రెండోదే చెబుతాను. ఫోన్లో అమ్మానాన్నలకి అడ్రసు చెప్పేటప్పుడు కూడా అదే సులువు.

ప్రశ్న: డల్లాస్‌లో మా అపార్ట్‌మెంట్ల దగ్గర పిల్లలకి వారాంతాల్లో తెలుగు బడి నడుపుతున్నాం. సైటు పేరు ఇంగ్లీషులోనే ఉంది కానీ కథల కోసం తెలుగులోనే సబ్‌డొమైన్ పెట్టాలని పిల్లలు ఒకటే గొడవ. పెట్టొచ్చా? ఆన్‌లైన్ అనే పదంతో ప్రయత్నిస్తే కొందరికి వస్తోంది, కొందరికి రావడం లేదు.
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: పెట్టొచ్చు, తప్పకుండా పెట్టండి. ఈ ప్రశ్న చూసి నాకు చాలా సంతోషమేసింది. సబ్‌డొమైన్ మీ సొంతం కాబట్టి ఎవరికీ దరఖాస్తు పెట్టక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, కుడి పక్కన ఇంగ్లీషు పేరు ఉన్నా ఎడమన కథలు అని తెలుగులో పెట్టుకోవచ్చు. ప్రతి ముక్కనీ విడివిడిగానే మారుస్తారు.

అవును, మారుస్తారు. పాత ప్రోగ్రాములన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే అర్థం చేసుకుంటాయి కాబట్టి, వాటిని కదిలించకుండా మిగతా భాషల్ని తేవడానికి 2003లో పనీకోడ్ అనే పద్ధతి వచ్చింది. తెలుగు పేరుని ఆ మూడు రకాల గుర్తుల్లోకే మార్చి, ముందు ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు తగిలిస్తారు. మన తెలుగు లిపిలో డాట్ భారత్ అనే చివరి పేరు ఉంది, డీఎన్ఎస్ లోపల అది ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ. బ్రౌజర్ మీకు భారత్ అనే చూపిస్తుంది, లోపల నడిచేది ఇది. యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) లెక్కలో భ, దీర్ఘం, ర, త, పొల్లు అని ఐదు గుర్తులున్న మాట 13 అక్షరాలైంది చూడండి. 63 అనే హద్దు ఇలా మార్చాక వచ్చిన పొడవుకి వర్తిస్తుంది, కాబట్టి తెలుగులో మరీ పొడుగు పేర్లు పట్టవు. మామూలు ఇంగ్లీషు పేరులో కూడా మూడు, నాలుగు స్థానాల్లో వరసగా రెండు హైఫన్లు రాకూడదన్నది ఇందుకే, ఆ చోటు దీనికోసం అట్టే పెట్టారు.

ఇక మీ ఆన్‌లైన్ సంగతి. ఇది అచ్చంగా మన లిపికి సంబంధించిన చిక్కు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. న్ తర్వాత లై టైపు చేస్తే కంప్యూటర్ రెండిటినీ కలిపేసి ఆన్లైన్ అని ఒత్తు వేసేస్తుంది. అలా కలవకుండా పొల్లు పొల్లుగానే నిలవాలంటే మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పడాలి. యూనికోడ్‌లో దాని నంబరు 200సీ, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే వేస్తాయి, కొన్ని వెయ్యవు, కొన్నింట్లో వేరే మీట నొక్కాలి. 2003 నాటి పద్ధతిలో ఈ గుర్తుని తీసి పారేసేవాళ్లు, అంటే రెండు రకాలుగా టైపు చేసినా ఒకే పేరు అయ్యేది. 2010లో వచ్చిన కొత్త పద్ధతిలో పొల్లు తర్వాత వస్తే దాన్ని ఉంచుకోవచ్చన్నారు, మన భాషలకి అది న్యాయమే, నేను దాన్ని మనసారా సమర్థిస్తాను. కానీ దాని ఫలితంగా ఆ గుర్తు ఉన్న ఆన్‌లైన్, లేని ఆన్లైన్ రెండూ వేర్వేరు సబ్‌డొమైన్లు అయ్యాయి, రెండు వేర్వేరు పనీకోడ్‌లు. మీరు ఒకటి పెట్టారు, కొందరి కీబోర్డు రెండోది పంపుతోంది, అంతే జరిగింది.

అయితే ఏం చెయ్యాలి? రెండిటినీ పెట్టి ఒకదాన్నుంచి రెండోదానికి మళ్లించండి, లేదా ఆ గుర్తు అవసరమే లేని మాట ఎంచుకోండి. కథలు, పాటలు, చదువు, బడి, పొడుపుకథలు... అచ్చ తెలుగు మాట అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి మనకి మాటలకి కరువు లేదు. ఒత్తులు, రాతలో తేడాలొచ్చే మాటలైతే జాగ్రత్త. గ్రంథాలయం అని మీరు పెడితే గ్రంధాలయం అని టైపు చేసేవాళ్లు సగం మంది ఉంటారు, రెండూ పెట్టెయ్యండి. కన్నడ అక్షరాలు కొన్ని మన అక్షరాల్లాగే ఉంటాయి, ఒకే మాటలో రెండు లిపులు కలిస్తే బ్రౌజర్లు అనుమానపడి అసలు పేరు బదులు ఎక్స్‌ఎన్ రూపం చూపిస్తాయి. ఎక్కడినుంచైనా కాపీ చేసి పేస్ట్ చేస్తే ఇది జరగొచ్చు, అందుకని పేరుని మీరే స్వయంగా టైపు చేసుకోండి. హోస్టింగ్ ప్యానెల్ తెలుగు తీసుకోకపోతే పనీకోడ్‌లోకి మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి, ఆ రూపమే అక్కడ వెయ్యండి. లింకుని వాట్సాప్‌లో పంపేటప్పుడు ఎక్స్‌ఎన్ అని వింతగా కనిపిస్తే కంగారుపడొద్దని తల్లిదండ్రులకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్‌కి మాక్‌టెస్ట్.ఎగ్జాంపుల్.కామ్ అని ఉండేది. ఒక క్లౌడ్ కంపెనీలో పెట్టించాం, పోయిన ఏడాది ఆ ఖాతా మూసేశాం. ఇప్పుడు ఒక విద్యార్థి తండ్రి ఫోన్ చేసి మీ సైట్‌లో పేకాట, బెట్టింగ్ వస్తోందేంటని తిట్టాడు. చూస్తే నిజమే. మా పాస్‌వర్డ్ ఎవరైనా దొంగిలించారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పాస్‌వర్డ్ పోయి ఉండకపోవచ్చు. ఖాతా మూశారు, డీఎన్ఎస్‌లో రికార్డు తియ్యలేదు, జరిగింది ఇదే అనిపిస్తోంది. మీ మాక్‌టెస్ట్ అనే పేరు సీనేమ్ రికార్డు ద్వారా ఆ క్లౌడ్ కంపెనీలో మీకిచ్చిన పేరు వైపు చూపిస్తూ ఉంటుంది. ఖాతా మూసేశాక అక్కడి పేరు ఖాళీ అయింది, అదే పేరుని ఇంకెవరో తీసుకున్నారు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, కానీ మీ పేరున్న బోర్డు గేటుకి అలాగే ఉంది, కొత్తగా దిగినవాడు ఆ బోర్డు కిందే తన వ్యాపారం పెట్టాడు. ఇలా ఖాళీగా మిగిలిపోయిన రికార్డుల కోసం వెతికేదే పనిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడే డీఎన్ఎస్ ప్యానెల్‌లోకి వెళ్లి ఆ రికార్డు తీసెయ్యండి. పాత సమాధానం అక్కడక్కడా దాచుకుని ఉంటుంది కాబట్టి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజు పట్టొచ్చు. ఆ తర్వాత మిగతా రికార్డులన్నీ ఒక్కొక్కటే చూసి, ఇది ఇప్పుడు ఎటు చూపిస్తోంది, ఆ ఖాతా ఇంకా మనదేనా అని అడగండి. మీ ప్రధాన సైటు లాగిన్ కుకీల్ని డొమైన్ మొత్తానికి వర్తించేలా పెట్టి ఉంటే, మాక్‌టెస్ట్‌కి వచ్చిన విద్యార్థి బ్రౌజర్ ఆ కుకీని ఆ బెట్టింగ్ సైటుకి కూడా అందించి ఉంటుంది. బ్రౌజర్ దృష్టిలో అది మీ సబ్‌డొమైనే కదా. అందుకని అందరి లాగిన్లనీ ఒకసారి రద్దు చేసి మళ్లీ లాగిన్ అవ్వమనండి. ఇకముందు ఏదైనా మూసేసేటప్పుడు ముందు డీఎన్ఎస్ రికార్డు తియ్యాలి, ఆ తర్వాతే ఖాతా మూయాలి. ఆ తండ్రికి మీరే తిరిగి ఫోన్ చేసి జరిగింది చెప్పండి.

ప్రశ్న: అడ్మిన్ పేజీకి ఎవరూ ఊహించలేని వింత పేరుతో సబ్‌డొమైన్ పెట్టాను. దానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు కదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తప్పకుండా కావాలి. దానికి సర్టిఫికెట్ తీసుకున్న రోజే ఆ పేరు లోకానికి తెలిసిపోయింది. బ్రౌజర్లు ఒప్పుకోవాలంటే సర్టిఫికెట్లని బహిరంగ చిట్టాల్లో నమోదు చెయ్యాలి, 2018 నుంచి క్రోమ్ దీన్ని కొత్త సర్టిఫికెట్లన్నిటికీ తప్పనిసరి చేసింది. ఆ చిట్టాలని ఎవరైనా వెతుక్కోవచ్చు, మీ డొమైన్ పేరు కొడితే సర్టిఫికెట్ తీసుకున్న సబ్‌డొమైన్ల వరస మొత్తం వస్తుంది. ఇంకా బయటికి చెప్పని ప్రాజెక్టు పేరు, క్లయింటు పేరు సబ్‌డొమైన్‌లో పెట్టకండి.

ప్రశ్న: అడ్రసు ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉండాలా, అక్కర్లేదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రూలేం లేదు, అది కూడా ఒక సబ్‌డొమైనే, అలవాటుగా వచ్చింది. రెండూ పనిచేసేలా పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మళ్లించండి. ఒక్క తేడా గుర్తుంచుకోండి, సైటుని వేరే కంపెనీ దగ్గర పెట్టి సీనేమ్ ఇవ్వమన్నారనుకోండి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి ఇవ్వొచ్చు కానీ ఉత్త ఎగ్జాంపుల్.కామ్‌కి ఇవ్వడానికి వీల్లేదు. సీనేమ్ ఉన్న పేరు మీద మామూలుగా ఇంకే రికార్డూ ఉండకూడదు, డొమైన్ అసలు పేరు మీదేమో కొన్ని రికార్డులు ఎప్పుడూ ఉండి తీరాలి. బలవంతంగా పెడితే మెయిల్ ఆగిపోవచ్చు. కొన్ని డీఎన్ఎస్ కంపెనీలు దీనికి సొంత ఉపాయాలు ఇస్తాయి, మీ ప్యానెల్‌లో ఏలియాస్ అని గానీ ఏనేమ్ అని గానీ ఉందేమో చూడండి.